పావు చుట్టు

ఈ గుహ మా ముత్తాతలు
టర్నిప్ దుంపలు దాచుకోవడానికి తవ్వుకున్నది.
పలుగురాతి ఇసుక. గోటితో గీస్తే రాలుతుంది,
వందేళ్లుగా కూలింది మాత్రం లేదు.
ఇప్పుడిందులో నాలుగు వేల సీసాలు
తలకిందులుగా నిద్రపోతున్నాయి.

ప్రతి సీసా అడుగునా నాన్న గీసిన సున్నపు గీత.
రోజుకో పావు చుట్టు.
ఒక్కో విదిలింపుకీ లోపలి మడ్డి
కొంచెం కొంచెంగా మెడలోకి జారుతుంది.
ఫిబ్రవరిలో నాన్న పోయాడు.
గీతలన్నీ మూడు గంటల దగ్గర ఆగి ఉన్నాయి.

జ్దెంకా అక్క దీపం మేకుకి తగిలించి
చేతులు ఎప్రన్‌కి తుడుచుకుని
మూడు నుంచి ఆరుకి తిప్పడం మొదలుపెట్టింది.
నేను ఎదుటి గోడవైపు వెళ్లాను.

మా మందులేవో చెబితే బిజెల్స్కోలో ఇప్పటికీ నవ్వుతారు:
దురదగొండి ఆకుల కషాయం,
వరసల మధ్య ఆవమొక్కలు,
గ్రాములు లెక్కపెట్టి వేసే మైలుతుత్తం.
"కలుపు కూడా అమ్ముతారా, ఒతీలియా?"
అని సంతలో అడిగితే
"నీకెన్ని కిలోలు కావాలి?" అనేది అమ్మ.

ఆ ఏడు జూన్ నెలంతా వానే.
సోట్ల నది రెండుసార్లు రోడ్డెక్కింది.
ఆకుల వెనక తెల్లటి నూగు,
బూజు తెగులు.
భుజం విరిగి, చెయ్యి మెడకి వేలాడేసుకుని
నాన్న వరసల్లో తిరిగేవాడు,
జ్వరం పిల్లల నుదురు చూసినట్టు
ఒంటిచేత్తో గుత్తుల్ని తడుముతూ.

నాకప్పుడు ఇరవై రెండు.
బ్యాంకు ఉత్తరం చదివి వినిపించింది నేనే.
ఓ రాత్రి నది అవతల నుంచి డబ్బా తెచ్చి
పై మూడు వరసలకీ కొట్టాను,
తీగ నరాల్లోకి దిగే మందు.
చంద్రుడు లేడు. నా ఊపిరే
ఎవరో వెంటాడుతున్నట్టు వినిపించింది.

పొద్దున్నే నాన్న ఆ వరసల దగ్గర ఆగాడు.
ఆకు తుంచి వాసన చూశాడు.
నా బూట్లు చూశాడు.
కాఫీ తాగడానికి లోపలికి వెళ్లిపోయాడు.

సేంద్రియ తనిఖీకి వచ్చినాయనతో తనే అన్నాడు:
"ఆ మూడు వరసలూ మందు తాగాయి. రాసుకోండి."
"ఎవరు కొట్టారు?"
"నేనే."
బకెట్ పట్టుకుని నేను వెనకే ఉన్నాను.

ఆ మూడు వరసలే
సిగ్గులేకుండా విరగకాశాయి.
ఆ పళ్లు విడిగా కోయించి
అయినకాడికి సహకార సంఘానికి తోలేశాడు నాన్న.
మిగతా కొండంతా కలిపి
ఆరువందల సీసాలు.
ఈ చివరి గోడన ఉన్నవి అవే.
"ఇంకా తొందరేముంది" అనేవాడు
ఎప్పుడు తెరుద్దామన్నా.

తొమ్మిదేళ్లు.
మింగలేక, కక్కలేక.

మార్చి ఆఖరుకి గీతలు తిరగాల్సినంతా తిరిగాయి.
ఇవాళ మెడల్ని చల్లటి ఉప్పునీట్లో ముంచాం.
మడ్డి గోళీకాయంత గడ్డ కట్టింది.
అక్క మూత లాగితే ఠప్పున ఎగిరి
ఇసుక గోడకి తగిలి అక్కడే అతుక్కుంటోంది.
నలభయ్యో సీసాయో, నలభై ఒకటోదో,
"అక్కా, ఆరోజు కొట్టింది నాన్న కాదు" అన్నాను.

"తెలుసు" అంది, చేతిపని ఆపకుండానే.
"చెయ్యి విరిగినవాడు
ఇరవై లీటర్ల డబ్బా వీపునెలా మోస్తాడు?
అమ్మకీ తెలుసు. ఆ తనిఖీ ఆయనకీ తెలిసే ఉంటుంది.
సీసా సరిగ్గా పట్టుకో,
సగం నేలపాలు చేస్తున్నావు."

అమ్మకి ఒక గ్లాసు తీసుకెళ్లాం.
బుడగలు సన్నగా, దారం లాగినట్టు లేస్తున్నాయి.
ఓ గుక్క తాగి చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత,
"పులుపు. మొండిగా ఉంది.
చక్కెర వేశారో, ఊరుకోను."

రాత్రి దీపం ఆర్పబోతూ గుర్తొచ్చింది,
తలుపు పక్కన పైవరస ఇవాళ తిప్పలేదు.
నిచ్చెన ఎక్కాను.
గీత ఆరు మీద ఉంది.